ఇంట్లోనే పాస్‌పోర్ట్ ఫొటోలు: పదహారు రోజులు, తొమ్మిది షీట్లు

మావి మూడు పాస్‌పోర్ట్ దరఖాస్తులు. ఒకటి నాది, ఒకటి మా అమ్మది, ఒకటి ఎనిమిది నెలల పాపది. ముగ్గురికీ కలిపి అపాయింట్‌మెంట్ 20వ తేదీ సోమవారం ఉదయానికి దొరికింది. ఆన్‌లైన్లో ఒక్కొక్కరి ఫొటో అప్‌లోడ్ చేయాలి, అపాయింట్‌మెంట్ రోజున తలా రెండు ప్రింట్లు చేతిలో ఉండాలి. ఈ ముక్క నేను చదివింది 4వ తేదీ శనివారం సాయంత్రం. ఇంకా పదహారు రోజులుంది కదా అని ధీమాగా ఉన్నాను.

ఇంట్లోనే తీద్దామన్నది నా ఆలోచనే. అమ్మకు మోకాళ్ల నొప్పులు, మెట్లు దిగి ఎక్కాలంటే ఆ రోజంతా మంచమే. పాప కొత్త చోటికి వెళ్తే ముందు అరగంట ఏడుస్తుంది, తర్వాత నిద్రపోతుంది. ఈ రెంటి మధ్య నోరు మూసుకుని కళ్లు తెరిచి ఉండే క్షణం బయట ఎక్కడా దొరకదని నాకు తెలుసు. ఇంట్లో మంచి ఫోన్ ఉంది, కలర్ ప్రింటర్ ఉంది. ఇంకేం కావాలి అనుకున్నాను.

ఫారంలో అడిగింది ఇది: వెడల్పు 35 మిల్లీమీటర్లు, ఎత్తు 45. గడ్డం నుంచి తల పైభాగం వరకు 32 నుంచి 36 మిల్లీమీటర్లు. తెల్లటి లేదా తెలుపుకు దగ్గరగా ఉండే బ్యాక్‌గ్రౌండ్. నీడలు ఉండకూడదు, కళ్లద్దాలు ఉండకూడదు, నవ్వకూడదు, నోరు మూసి ఉండాలి, ఫొటో ఆరు నెలల లోపుదై ఉండాలి. మార్పులు చేసిన ఫొటో తీసుకోరు. ఈ చివరి వాక్యాన్ని నేను చదివాను, కానీ ఎక్కలేదు. దాని ఫలితం తర్వాత చెప్తాను.

శనివారం రాత్రే మొదలుపెట్టేశాను. హాల్లో తెల్ల గోడకు ఆనుకుని నిలబడి, చెయ్యి చాచి సెల్ఫీ తీసుకున్నాను. ఒకటి కాదు, పదిహేను. ఏ ఫొటోలో చూసినా నా ముక్కు నాకంటే ముందు నడుస్తోంది, చెవులు ఎటో వెళ్లిపోయాయి. నా ముఖం ఇంతేనా అని కాసేపు నిజంగా బాధపడ్డాను. తప్పు ముఖానిది కాదు, దూరానిది. మూరెడు దూరం నుంచి తీస్తే కెమెరాకు దగ్గరగా ఉన్న ముక్కు పెద్దగా, వెనకున్న చెవులు చిన్నగా పడతాయి. ఐదారు అడుగుల దూరం నుంచి వెనక కెమెరాతో తీస్తేనే మనిషి మనిషిలా ఉంటుంది. పైగా నా ఫోన్ ముందు కెమెరా బొమ్మను అద్దంలో చూసినట్టు తిప్పి సేవ్ చేస్తోంది. పాపిడి అటుది ఇటు అయిపోయింది. ఎడమ చెంప మీది పుట్టుమచ్చ కుడి చెంప మీద ఉన్నట్టు కనిపించేదాకా ఆ సంగతి నేను గమనించలేదు.

సరే, మా ఆయన్ని పిలిచి వెనక కెమెరాతో తీయమన్నాను. ఆయన పొడుగు. ఆయన కంటి ఎత్తు నుంచి తీస్తే నా నుదురే సగం ఫొటో. "ఏమండీ, కొంచెం వంగండి" అంటే వంగారు, వంగితే చెయ్యి వణికింది. చివరికి కుర్చీ మీద స్టూలు, స్టూలు మీద నిఘంటువులు పేర్చి, ఫోన్ లెన్స్ సరిగ్గా నా కళ్ల ఎత్తుకు వచ్చేలా ఆనించి పెట్టాం. తర్వాత రెండు వారాలు ఆ నిఘంటువుల దొంతర అక్కడే ఉంది.

ఆ రాత్రి ఫొటోలు ఏవీ పనికిరాలేదు. నెత్తి మీద ట్యూబ్‌లైట్ వల్ల కళ్ల కింద నల్లగా గుంటలు పడ్డాయి, గోడకు ఆనుకుని నిలబడటం వల్ల మెడ పక్కన గోడ మీద పెద్ద నీడ. ఫ్లాష్ వేస్తే నీడ ఇంకా నల్లబడింది, నుదురు మెరిసింది. రాత్రి పూట ఈ పని పెట్టుకోవద్దు, అంతే.

5వ తేదీ ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు కిటికీకి ఎదురుగా నిలబడ్డాను. ఎండ నేరుగా పడటం లేదు, వెలుతురు మాత్రం బాగా ఉంది. గోడ నుంచి నాలుగడుగులు ముందుకు జరిగితే నీడ కింద ఎక్కడో పడిపోయింది, ఫొటోలోకి రాలేదు. కట్టుకున్నది లేత గోధుమ రంగు చీర. ఫొటోలో భుజాలు గోడలో కలిసిపోయి తల ఒక్కటే గాల్లో తేలుతున్నట్టు ఉంది. ముదురు నీలం చీర మార్చుకుని వచ్చాక అంతా కుదిరింది. పన్నెండు ఫొటోలు తీస్తే నాలుగు బాగున్నాయి. అరగంటలో నా పని అయిపోయింది అనుకున్నాను.

తర్వాత అమ్మ. అమ్మకు డెబ్బై ఒకటి. జుట్టు మొత్తం తెలుపు, ముగ్గుబుట్ట అంటారే, అలా. నా కోసం చేసిన ఏర్పాటులోనే కూర్చోబెట్టి తీశాను. ఫొటో చూస్తే అమ్మకు జుట్టే లేదు. తెల్ల గోడ, తెల్ల జుట్టు, రెండూ ఒకటైపోయి నుదుటితో తల ఆగిపోయింది. ఫోన్ చూపించాను. అమ్మ చాలాసేపు చూసి, "ఏమే, నాకు గుండు కొట్టించావా?" అంది.

దీనికి గంట పట్టింది. బ్యాక్‌గ్రౌండ్ మార్చకుండా జుట్టును వేరుగా చూపించాలి. అమ్మను కిటికీకి బాగా దగ్గరగా, గోడకు బాగా దూరంగా కూర్చోబెట్టాను. ముఖం మీద పడినంత వెలుతురు గోడ దాకా వెళ్లదు కదా, గోడ కొంచెం మసకబారింది. తెలుపే, కానీ పాలతెలుపు కాదు. తెలుపుకు దగ్గరగా ఉన్నా చాలని ఫారంలో ఉంది కాబట్టి ధైర్యం చేశాను. జుట్టు అంచు సన్నగా తేలి కనిపించింది.

కళ్లద్దాలతో మరో తంటా. తీసేస్తే ముక్కుకు అటూ ఇటూ రెండు ఎర్రటి గుంటలు. ముఖం కడిగించి ఇరవై నిమిషాలు కూర్చోబెట్టాక కొంచెం తగ్గాయి. అద్దాలు లేకపోతే అమ్మకు ఫోన్ ఎక్కడుందో కనపడదు. "ఎటు చూడాలే? ఇటేనా?" అని కిటికీ వైపు చూస్తుంది. లెన్స్ పక్కనే ఎర్ర రిబ్బన్ ముక్క అంటించాను, అది మసగ్గానైనా కనిపించింది. ఇంకో విషయం, "ఒకటి రెండు మూడు" అని లెక్కపెడితే అమ్మ మూడుకి సరిగ్గా కళ్లు మూస్తుంది. ప్రతిసారీ. లెక్కపెట్టడం మానేసి ఏదో మాట్లాడుతూ వరసగా ఫొటోలు కొట్టాను. ముప్ఫై ఎనిమిదిలో మూడు నిలిచాయి.

ఇక పాప. దాన్ని కూర్చోబెడితే ఒరిగిపోతుంది, పట్టుకుంటే మన చెయ్యి పడుతుంది. చెయ్యి కనిపించకూడదు, బొమ్మ కనిపించకూడదు, నోట్లో పీక ఉండకూడదు. నేల మీద తెల్ల దుప్పటి పరిచి పడుకోబెట్టి పైనుంచి తీయడం ఒక్కటే దారి. ఆదివారం మధ్యాహ్నం నలభై నిమిషాలు ప్రయత్నించాం. దుప్పటి ముడతలన్నీ గీతల్లా పడ్డాయి. నేను పైకి వంగితే నా నీడ దాని ముఖం మీదే. మా ఆయన తాళాల గుత్తి ఆడిస్తే అటు తల తిప్పి నోరు తెరిచి నవ్వింది. ప్రతి ఫొటోలో నాలుక. చివరికి ఏడుపు. అక్కడితో ఆపేశాం.

6వ తేదీ సోమవారం దుప్పటిని ఇస్త్రీ చేసి, రెండు మడతలు వేసి, అంచుల మీద పుస్తకాలు పెట్టి బిగుతుగా లాగాను. పాప తల ఒక పక్క కిటికీ, రెండో పక్క ఒక తెల్ల అట్ట నిలబెట్టాను. అట్ట మీద పడిన వెలుతురు తిరిగి వచ్చి చెవి పక్క నీడను బాగా తగ్గించింది. మొత్తం పోలేదు. నిద్ర లేచి, పాలు తాగి, ఇంకా పూర్తిగా హుషారు రాని ఆ పది నిమిషాలే అసలు ముహూర్తం. పడుకోబెట్టగానే గౌను మెడ పైకి జరిగి గడ్డాన్ని కప్పేస్తోంది, ప్రతి రెండు ఫొటోలకీ కిందికి లాగాల్సి వచ్చింది. తాళాలు ఫోన్ పక్కన ఆడిస్తే చూపు పక్కకు పోతుంది, ఫోన్ వెనక నుంచి ఆడించాలి. రెండు రోజులకూ కలిపి నూట నలభై మూడు ఫొటోలు. పనికొచ్చేవి రెండు. ఆ రెంటిలోనూ పాప ముఖంలో "మీకు పిచ్చిగానీ పట్టిందా" అన్న భావం ఉంది. దాన్ని తటస్థ భావం కిందే లెక్కేశాం.

ఫొటోలు తీయడం అయిపోయింది కాబట్టి పని అయిపోయినట్టే అనుకున్నాను. అప్పటికి అయింది పావు వంతు కూడా కాదు.

సోమవారం రాత్రి అప్‌లోడ్‌కు కూర్చున్నాను. పాప ఫొటోలు మా ఆయన ఫోన్లో ఉన్నాయి. మెసేజ్ యాప్‌లో పంపారు. కంప్యూటర్లో తెరిచి చూస్తే చర్మం మైనం పూసినట్టు నునుపుగా ఉంది. నాలుగు ఎంబీ ఫొటో దారిలో రెండు వందల కేబీ అయిపోయింది. కేబుల్ పెట్టి అసలు ఫైలే తెచ్చుకున్నాను. అది జేపీజీ కాదట, ఫోన్ తన సొంత ఫార్మాట్‌లో సేవ్ చేసిందట, ఫారం తీసుకోలేదు. మార్చాను. సైజు ఎక్కువ అంది. తగ్గించాను. బాగా తగ్గిస్తే చెంప మీద గళ్లు గళ్లుగా వచ్చింది, మళ్లీ కొంచెం పెంచాను. చివరికి అప్‌లోడ్ అయింది, అమ్మ ఫొటో మాత్రం పక్కకు పడుకుని కనిపించింది. ఫోన్లో నిలువుగానే ఉంది! ఫొటో నిజంగా నిలువుగా ఉండదు, "దీన్ని తిప్పి చూపించు" అన్న గుర్తు మాత్రమే ఫైల్లో ఉంటుంది, ఆ ఫారం ఆ గుర్తును పట్టించుకోలేదు. గింప్ అనే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, తిప్పి, మళ్లీ జేపీజీగా ఎగుమతి చేస్తే లేచి కూర్చుంది. ఇదంతా అయ్యేసరికి రాత్రి పన్నెండు దాటింది.

కత్తిరించే కొలతకు నేను చేసింది చెప్తాను. తల 32 నుంచి 36 అన్నారు కదా, మధ్యలో 34 పట్టుకున్నాను. అంటే ఫొటో ఎత్తులో మూడొంతులు ముఖమే. చూడటానికి మరీ దగ్గరగా, ఊపిరాడనట్టు ఉంటుంది, కానీ అదే సరైనది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 9303 పత్రంలో చెప్పిన లెక్క అది, ముఖం 70 నుంచి 80 శాతం. పాస్‌పోర్ట్ చిప్‌లో ఉండే ఫొటోతో మన ముఖాన్ని పోల్చేది యంత్రం. మనకు అందంగా కనిపించడం దాని అవసరం కాదు.

7, 8 తేదీలు ఏమీ లేదు. 9వ తేదీ గురువారం మధ్యాహ్నం మెయిల్ వచ్చింది. అమ్మది, పాపది ఓకే. నాది తిరస్కరించారు. కారణం: ఫొటోలో మార్పులు చేశారు.

తప్పు నాదే. ఆదివారం తీసిన నా ఫొటోలో చెవి వెనక గోడ మీద మరకలాంటిది ఉంది, అది స్విచ్చు బోర్డు అంచు. ఫోన్లో చెరిపేసే టూల్ ఉంటే ఒక్కసారి వేలితో రుద్దాను. పోయింది. దాంతోపాటు చెవి కమ్మ పక్కన నాలుగు వెంట్రుకలు కూడా పోయి, అక్కడ అంచు అతికించినట్టు అయింది. నేను చూడలేదు, వాళ్లు చూశారు. పైగా, తర్వాత సెట్టింగులు వెతికితే తెలిసింది, నా ఫోన్లో చర్మాన్ని నునుపు చేసే ఫిల్టర్ ఎప్పటినుంచో ఆన్‌లోనే ఉంది. ఇన్నేళ్లు నా చర్మం బాగుందనుకున్నది దాని పుణ్యమేనన్నమాట. ఆ రోజు నాకు అసలు టెన్షన్ మొదలైంది. అప్పటిదాకా సరదాగా ఉన్న పని ఒక్క మెయిల్‌తో పరీక్షలా మారింది.

శుక్రవారం మబ్బు. 11వ తేదీ శనివారం పొద్దున్నే మళ్లీ తీశాం. ఫిల్టర్ ఆఫ్, పోర్ట్రెయిట్ మోడ్ ఆఫ్ (అది బ్యాక్‌గ్రౌండ్‌ను మసక చేస్తూ చెవుల అంచుల్ని కూడా మింగేస్తుంది). స్విచ్చు బోర్డు ఫ్రేములోకి రాకుండా కుర్చీని జరిపాం. అంతే. ఆ రోజు చెరిపే బదులు కుర్చీని జానెడు జరిపి ఉంటే వారం మిగిలేది. ఈసారి కత్తిరించడం, సైజు తగ్గించడం తప్ప దేన్నీ ముట్టుకోలేదు. అప్‌లోడ్ చేశాను. 14వ తేదీ మంగళవారం ఓకే అని వచ్చింది.

దాని కోసం ఎదురుచూస్తూ శనివారం సాయంత్రమే ప్రింటింగ్ మొదలుపెట్టాం. నాలుగు అంగుళాలు బై ఆరు అంగుళాల ఫొటో పేపర్, ఇరవై షీట్ల ప్యాకెట్ కొన్నాను. లెక్క ప్రకారం ఆ షీట్‌లో 35 బై 45 ఫొటోలు ఎనిమిది పడతాయి. కానీ ఎనిమిది పెడితే, కోయడానికి ఫొటోల మధ్య కాస్త ఖాళీ వదిలాక అంచుకు మూడు మిల్లీమీటర్లే మిగులుతుంది, ప్రింటర్‌కు ఆ అంచుల్లో పని చేయడం కష్టం. మాకు కావలసింది తలా రెండు, మొత్తం ఆరు. కాబట్టి లిబ్రే ఆఫీస్ డ్రా అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో పేజీ సైజు నాలుగు బై ఆరుగా పెట్టి, పై వరసలో మూడు, కింది వరసలో మూడు ఫొటోలు, ఒక్కొక్కటీ మిల్లీమీటర్లలో కొలత టైపు చేసి అమర్చాను. ఒక్క షీట్‌లో ఇంటిల్లిపాదీ. ఈ తెలివికి నన్ను నేనే మెచ్చుకున్నాను. ఆ రాత్రి మెచ్చుకోదగ్గ పని అదొక్కటే.

మొదటి షీట్: పేపర్ తిరగేసి పెట్టాను. వెనక వైపు ఇంకు ఇంకలేదు, బొట్లు బొట్లుగా నిలిచి నా బొటనవేలికి ముగ్గురి ముఖాలూ అంటుకున్నాయి. నిగనిగలాడేది ముందు వైపని తెలిసినా, ప్రింటర్ దాన్ని పైకి తిప్పి పెట్టమంటుందో కిందికి తిప్పి పెట్టమంటుందో చూసుకోలేదు. మామూలు కాగితానికి పెన్సిల్‌తో ఒక వైపు గుర్తు పెట్టి పంపితే తెలిసిపోయేది.

రెండో షీట్: సరైన వైపు పడింది, బాగుంది. స్కేలు పెట్టాను. 33 బై 42. ప్రింటర్ "పేజీకి సరిపెట్టు" అన్న ఆప్షన్‌తో తన మార్జిన్ల కోసం మొత్తాన్ని కుదించేసింది.

మూడో షీట్: అయితే మార్జిన్లే లేకుండా బోర్డర్‌లెస్ పెడదామనుకున్నాను. ఈసారి 36, 46 దాటింది. అంచు దాకా ఇంకు పడాలని ఈ పద్ధతిలో ప్రింటర్ బొమ్మను కాస్త పెద్దది చేసి కొడుతుందట. ఒకటి తగ్గించింది, ఒకటి పెంచింది, 35 మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

అప్పుడు బుద్ధి వచ్చి ఫొటో పేపర్ పక్కన పెట్టాను. షీట్ అంచున సరిగ్గా 50 మిల్లీమీటర్ల గీత ఒకటి గీసి, మామూలు కాగితం మీద కొట్టి, ఆ గీతను కొలవడం మొదలుపెట్టాను. బోర్డర్ ఉంచాలి, స్కేల్ 100 శాతం, ఇంకే సర్దుబాటూ వద్దు. గీత 50 వచ్చింది. ఈ పని మొదటే చేసి ఉంటే రెండు షీట్లు మిగిలేవి. మీరు ఇందులోంచి ఒక్కటే గుర్తుపెట్టుకుంటే ఆ గీతను గుర్తుపెట్టుకోండి.

నాలుగో షీట్: కొలత సరిపోయింది. ముగ్గురం ఎర్రగా, జ్వరం వచ్చినట్టు ఉన్నాం. ప్రింటర్ వాడి నెలలైంది, నీలం ఇంకు నాజిల్, అంటే ఇంకు చిమ్మే సన్న రంధ్రం, మూసుకుపోయింది. పరీక్ష పేజీ కొడితే నీలి గీతల్లో సగం లేవు. శుభ్రం చేసే ఆప్షన్ రెండుసార్లు నడపాల్సి వచ్చింది, ఒక్కోసారీ అది ఎంత ఇంకు తాగుతుందో స్క్రీన్ మీద గీత దిగడం చూస్తే గుండె కూడా దిగింది. ఖర్చు లెక్కలో నేను వేసుకోనిది ఇదే. కాగితానికన్నా ఇంకుకే ఎక్కువ పోయింది.

ఐదో షీట్: ఎరుపు పోయింది, కానీ ఫొటో మసకగా, నూక చల్లినట్టు ఉంది. పేపర్ రకం "మామూలు కాగితం" అనే ఉండిపోయింది. దాన్ని గ్లాసీ ఫొటో పేపర్‌గా, నాణ్యతను హై గా మార్చాను. ఆరో షీట్ వచ్చేటప్పుడు ప్రింటర్ చాలా నెమ్మదిగా, ఒక్కో గీతా ఆలోచించి గీసినట్టు గీసింది. బయటికి వచ్చాక మా ఆయన, నేను ఏమీ మాట్లాడలేదు. బాగుంది. నిజంగా ఫొటోలా ఉంది. రాత్రి పదకొండున్నర.

ఆ ఉత్సాహంలో కత్తెర తీసుకున్నాను. ఎక్కడ కోయాలి? తెల్ల బ్యాక్‌గ్రౌండ్, తెల్ల కాగితం. ఫొటో ఎక్కడ అయిపోయిందో, కాగితం ఎక్కడ మొదలైందో కంటికి ఆనదు. అంచనాగా కోస్తే నాది 34 అయింది, పాపది ఒక వైపు వంకర. ఇంత చిన్న విషయం నాకు ముందు తట్టలేదని ఆ రాత్రి నా మీద నాకే కోపం వచ్చి పడుకున్నాను.

12వ తేదీ ఆదివారం. ప్రతి ఫొటో మూలల దగ్గర, ఫొటోకు బయట, సన్నటి బూడిదరంగు గీతలు పెట్టి ఏడో షీట్ కొట్టాను. చేతికి తడి తగల్లేదు కదా అని పది నిమిషాలకే స్కేలు ఆనించి నొక్కాను. అమ్మ చెంప మీద నా వేలిముద్ర దిగింది. ఎనిమిది, తొమ్మిది షీట్లు కొట్టి, బీరువా మీద పరిచి, రాత్రంతా ముట్టుకోలేదు. తొమ్మిదోది అదనంగా కొడుతుంటే మా ఆయన "ఇంకెందుకు, ఇంకు దండగ" అన్నారు. కొట్టాను.

సోమవారం సాయంత్రం కోశాను, ఈసారి కత్తెరతో కాదు. కొత్త బ్లేడు వేసిన కట్టర్, స్టీలు స్కేలు, కింద మందపాటి అట్ట. ఒకేసారి గట్టిగా నొక్కితే కాగితం జరుగుతుంది, మెల్లగా మూడుసార్లు గీస్తే తెగుతుంది. స్కేలును ఫొటో మీద ఉంచి బయటి వైపు కోస్తే చెయ్యి జారినా పోయేది చిత్తుకాగితమే. పన్నెండు ఫొటోలకు గంటన్నర. అన్నీ 35 బై 45, ఒకటి అర మిల్లీమీటర్ తేడా. దాన్ని విడిగా పెట్టాను.

19వ తేదీ ఆదివారం రాత్రి ఫైళ్లు సర్దుతూ, కలిసిపోకుండా ఫొటోల వెనక బాల్ పెన్నుతో పేర్లు రాయడం మొదలుపెట్టాను. మొదటి ఆరూ దొంతరగా పేర్చి కవర్లో పెట్టాను. మిగతావాటికి రాసే ఓపిక లేక వేరే కవర్లో అలాగే వేశాను.

20వ తేదీ తొమ్మిదీ ముప్పావుకు లోపలికి పిలిచారు, కౌంటర్ దగ్గరికి చేరేసరికి పదకొండు. అమ్మకు కుర్చీ ఇచ్చారు. కౌంటర్లో ఉన్నాయన గీతలున్న పారదర్శకమైన ప్లాస్టిక్ ముక్క ఒకటి తీసి ఫొటోల మీద పెట్టి చూశారు. గడ్డం ఒక గీత మీద, తల రెండు గీతల మధ్య. నాది పెట్టారు, పక్కన పడేశారు. అమ్మది పెట్టారు, పక్కన పడేశారు. రెండు వారాల పని, రెండు సెకన్లు. పాపది తీసి ఆగారు.

"ఇదేంటమ్మా, నుదుటి మీద?"

నీలం గీత. దొంతరలో దాని మీదున్న ఫొటో వెనక నేను రాసిన పేరు. ఆ నున్నటి కాగితం మీద పెన్ను ఇంకు ఆరలేదు, రాత్రంతా పాప నుదుటి మీద ముద్ర వేసుకుంటూ కూర్చుంది. రెండో ప్రింటుకూ అదే గతి. నా చేతులు చల్లబడ్డాయి. అప్పుడు రెండో కవర్ గుర్తొచ్చింది, తొమ్మిదో షీట్. మా ఆయన వైపు చూశాను, ఆయన గోడ గడియారం చూస్తున్నారు. తీసిచ్చాను. చెవి పక్కన మిగిలిన ఆ కాస్త నీడను చూసి కౌంటర్లో ఉన్నాయన పక్క సీటాయనకు చూపించారు, ఇద్దరూ ఏదో అనుకున్నారు. ఐదు నిమిషాలు. "సరే" అన్నారు.

మొత్తం మీద ఈ పనికి పట్టిన సమయం లెక్కేస్తే పన్నెండు గంటల పైమాటే. మళ్లీ చేయాల్సి వస్తే ఫొటో ఇంట్లోనే తీస్తాను, ముఖ్యంగా పాపది, అమ్మది. షీట్ కూడా నేనే అమర్చుకుంటాను. ప్రింటు మాత్రం ఆ 50 మిల్లీమీటర్ల గీతతో సహా బయట ల్యాబ్‌లో కొట్టిస్తాను. రోజూ వాడే ప్రింటర్ ఉన్నవాళ్ల సంగతి వేరు. మాది మళ్లీ మూలన పడింది, మళ్లీ దాని నాజిల్ మూసుకుపోతూ ఉండి ఉంటుంది.

పాస్‌పోర్ట్‌లు ఇరవై నాలుగు రోజులకు ఒకే రోజున వచ్చాయి. పాపదాంట్లో నీడ కనిపించనే లేదు, ఫొటో మీద అడ్డంగా అచ్చైన సన్నటి డిజైన్లలో కలిసిపోయింది. అమ్మ తన కవరు చించి, అద్దాలు పెట్టుకుని, ఆ పేజీని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసుకుంది.

"జుట్టుందే," అంది.